ఐదో గ్రేడు ఇంగ్లిష్ రివిజన్: లెక్కల్లో మాస్టర్స్, రీడింగ్‌లో అప్రోచెస్. ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్లేనో_నాన్న
మా వాడు ఐదో గ్రేడు, డాలస్ దగ్గర పబ్లిక్ స్కూలు. పోయినేడు స్టార్ టెస్టులో (టెక్సాస్ రాష్ట్ర పరీక్ష) లెక్కల్లో అన్నిటికంటే పై మెట్టు, మాస్టర్స్ వచ్చింది. రీడింగ్ లాంగ్వేజ్ ఆర్ట్స్‌లో మాత్రం అప్రోచెస్, అంటే పాసయ్యే కనీస మెట్టు దగ్గరే ఆగాడు. ఈ ఏడు స్కూల్లో మధ్యలో పెట్టిన పరీక్షలోనూ అదే తంతు. ఏప్రిల్లో అసలు టెస్టు.

వాడు చదవడని కాదు. లైబ్రరీలో తీసుకున్న బొమ్మల నవలలు కారు ఇంటికి చేరేలోపే సగం అయిపోతాయి. గడగడా చదువుతాడు, ఉచ్చారణ నాకంటే వెయ్యి రెట్లు నయం. గ్రామర్ వర్క్‌బుక్ కొనిస్తే పేజీలకు పేజీలు రైటే. ఎస్సే రాయమంటే మాత్రం మూడు లైన్లు. ఇంకా రాయరా అంటే "ఆన్సర్ అయిపోయింది కదా నాన్నా" అంటాడు. టీచర్‌ని కలిస్తే ఆవిడ "ఇన్ఫరెన్స్ వీక్, టెక్స్ట్ ఎవిడెన్స్ ఇవ్వడం లేదు" అంది. తలూపి వచ్చేశాను గానీ, ఇంట్లో కూర్చోబెట్టి దాన్నెలా నేర్పాలో అర్థం కావడం లేదు. లెక్కలైతే చాప్టర్ల వారీగా రివిజన్ చేయించొచ్చు. దీనికి చాప్టర్లేవి?

మా ఆవిడ ట్యూషన్‌లో వేద్దామంటోంది. నేను ఇంకా పుస్తకాలు చదివిద్దామంటున్నా. ఆరేడు వారాల టైముంది. మీ ఇళ్లలో ఏం చేశారో చెప్పండి. "పెద్దయ్యాక అదే వస్తుంది" అనే సలహా మా నాన్నగారు ఆల్రెడీ ఇచ్చేశారు.

గుంటూరు_ఘాటు
మూడు లైన్లు రాశాడా! మా వాడు ఒక్క లైను రాసి కింద స్మైలీ పెట్టి వచ్చాడు.

కొత్తిమీర_కట్ట
ట్యూషన్, పుస్తకాల గొడవ తర్వాత. పోయినేడు ఎక్కడ పాయింట్లు పోయాయో చూశారా? టెక్సాస్ అసెస్‌మెంట్ సైట్‌లో పేరెంట్స్ పోర్టల్ ఉంది. రిపోర్టు మీద ఇచ్చిన యాక్సెస్ కోడ్ కొడితే ఒక్కో ప్రశ్న, దానికి పిల్లాడు ఏం రాశాడు అన్నీ కనిపిస్తాయి. మేం అది చూసేదాకా మా పాపకి వొకాబులరీ వీక్ అనుకుని ఫ్లాష్‌కార్డులు కొంటూ పోయాం. తీరా చూస్తే తప్పులన్నీ పొయిట్రీలో.

ప్లేనో_నాన్న
కోడ్ ఉన్న కాగితం ఎక్కడో ఉండాలి. రాత్రికి వెతుకుతా.

రిటైర్డ్_మాస్టారు
నాయనా, నేను కృష్ణా జిల్లా హైస్కూళ్లలో ఇంగ్లిష్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కూతురి దగ్గర అట్లాంటాలో ఉన్నాను. నా మనవరాలి పుస్తకాలు చూస్తుంటాను. ఇక్కడ గ్రామర్ అనేది చెప్పడమే మానేశారు. యాక్టివ్ వాయిస్, ప్యాసివ్ వాయిస్, డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్, పార్ట్స్ ఆఫ్ స్పీచ్ గట్టిగా పట్టించండి. పునాది లేకుండా ఎస్సే ఎక్కడినుంచి వస్తుంది? రోజుకు పది వాక్యాలు మార్పించండి చాలు.

లాంగ్‌హార్న్_కుర్రాడు
మాస్టారూ, ఆయన పోస్టు మళ్లీ చూడండి. గ్రామర్ పేజీలన్నీ రైటే అంటున్నారు. ఉన్న పునాదినే మళ్లీ తవ్వమంటారేంటి.

చాక్‌పీస్
నేను ఇదే ఏరియాలో నాలుగు, ఐదు గ్రేడ్లకు లాంగ్వేజ్ ఆర్ట్స్ చెప్తాను. కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు టెస్టు సంగతి. 2023 నుంచి స్టార్ రూపం మారింది. అంతకుముందు రైటింగ్ నాలుగు, ఏడు గ్రేడ్లకే విడిగా ఉండేది. ఇప్పుడు మూడు నుంచి ఎనిమిది దాకా అందరికీ రీడింగ్‌లోనే కలిపేశారు. మల్టిపుల్ ఛాయిస్ 75 శాతానికి మించకూడదని రూలు. మిగతావి టైప్ చేసేవి, లాగి పెట్టేవి, ప్యాసేజ్‌లో వాక్యం మీద క్లిక్ చేసేవి. ఎ పార్టులో జవాబు అడిగి, బి పార్టులో ఆ జవాబుకి రుజువైన వాక్యం అడిగేవి కూడా ఉంటాయి. బబుల్స్ దిద్దే రోజుల్లో లాగా ఊహించి గట్టెక్కడం కష్టం.

ఎస్సేకి 10 పాయింట్లు. ఇద్దరు దిద్దినట్టు లెక్క, ఒక్కొక్కరి చేతిలో 5. ఆ 5లో 3 విషయానికీ, దాని అమరికకీ. 2 స్పెల్లింగ్, గ్రామర్, పంక్చువేషన్‌కి. విషయంలో సున్నా పడితే ఆ 2 కూడా ఇవ్వరు, గ్రామర్ ఎంత శుభ్రంగా ఉన్నా సరే. మీ వాడి మూడు లైన్లు తప్పుల్లేకుండా ఉండొచ్చు, అయినా పాయింట్లు రాకపోవడానికి కారణం ఇదే. మాస్టారు గారి పది వాక్యాలు ఆ 2 పాయింట్లకి పనికొస్తాయి. 3 పాయింట్లకి వేరే పని చెయ్యాలి.

రీడింగ్‌లో చిన్న జవాబు రాసే ప్రశ్నలకి 2 పాయింట్లు. జవాబు ఒక్కటే రాస్తే సగమే. కథలోంచి రుజువు చూపిస్తేనే పూర్తిగా ఇస్తారు.

ఇక చాప్టర్లు లేవన్నారు, ఉన్నాయి. ఐదో గ్రేడులో మళ్లీ మళ్లీ అడిగేవి చెప్తా. కథల్లో పాత్ర ఎందుకలా చేసింది, థీమ్, ఎవరి కోణంలో చెప్తున్నారు. సమాచార వ్యాసాల్లో మెయిన్ ఐడియా, రచయిత ఉద్దేశం, వ్యాసం ఎలా కట్టారు: కారణం ఫలితమా, సమస్య పరిష్కారమా, పోలికా, వరసక్రమమా. పక్క మాటల్ని బట్టి కొత్త మాటకి అర్థం పట్టడం, గ్రీకు, లాటిన్ రూట్స్. పొయిట్రీ, డ్రామా కొంచెం. రివైజింగ్, ఎడిటింగ్ ఇంకొంచెం. వీటిలో మీ వాడికి రానివి రెండో మూడో ఉంటాయి. అన్నీ మొదట్నుంచి చేయించకండి, విసుగెత్తి పారిపోతాడు. కొత్తిమీర గారు చెప్పిన పోర్టల్ చూశాక రండి.

గుంటూరు_ఘాటు
రివైజింగ్, ఎడిటింగ్ రెండూ ఒకటి కాదా మేడం?

చాక్‌పీస్
కాదండీ. ఎడిటింగ్ అంటే కామా, కేపిటల్, స్పెల్లింగ్ లాంటి తప్పులు దిద్దడం. రివైజింగ్ అంటే ఈ వాక్యం ఇక్కడ ఉండాలా, ముందు పేరాకి వెళ్లాలా, ఈ రెండిటినీ ఎలా కలిపితే బాగుంటుంది అనేది. పిల్లలు మొదటిది గబగబా చేస్తారు, రెండోదాంట్లో తడబడతారు. "ఈ పేరాకి సంబంధం లేని వాక్యం ఏది" అని అడిగితే క్లాసులో సగం మంది బ్లాంక్ ఫేస్.

ఎడిసన్_ఎర్రబస్సు
మేం న్యూజెర్సీ. ఇక్కడ టెస్టు వేరు, కామన్ కోర్ (చాలా రాష్ట్రాలు ఉమ్మడిగా తీసుకున్న స్టాండర్డ్స్) వరస. టెక్సాస్ కామన్ కోర్ తీసుకోలేదు కదా. మరి ప్లేనో గారు కొన్న వర్క్‌బుక్ మీద కామన్ కోర్ అని ఉంటే అది దండగేనా?

చాక్‌పీస్
దండగేం కాదు. టెక్సాస్‌వి టీక్స్ అనే సొంత స్టాండర్డ్స్. పేర్లు, వరస మారతాయి గానీ మెయిన్ ఐడియా న్యూజెర్సీలో అయినా మెయిన్ ఐడియానే. ప్రశ్నల తీరు అలవాటు కావాలంటే మాత్రం రాష్ట్ర ఎడ్యుకేషన్ ఏజెన్సీ సైట్‌లో పాత పేపర్లు ఫ్రీగా పెట్టారు, అవే వాడండి. కంప్యూటర్ మీదే చేయించండి, ప్రింట్ తీసి ఇవ్వొద్దు.

బృందావన్_బ్యాచ్
చదువుడు, రాసుడు అన్నీ పక్కనపెట్టి స్పెల్లింగ్ బీలో వెయ్యండి. మనోళ్లదే రాజ్యం అక్కడ. 2024లో గెలిచిన బృహత్ సోమ టైబ్రేకర్‌లో తొంభై సెకన్లలో 29 మాటలు కరెక్టుగా చెప్పాడు. ఆ తర్వాత ఎస్సే ఎంత?

కొత్తిమీర_కట్ట
రెండిటికీ లంకె ఏంటండీ? మా పక్కింటి పాప రీజినల్ దాకా వెళ్లింది, నోరు తిరగని మాటలన్నీ అప్పజెప్తుంది. కథలో అమ్మాయి ఎందుకు ఏడ్చింది అంటే మాత్రం "కథలో చెప్పలేదు" అంటుంది.

బృందావన్_బ్యాచ్
రూట్స్ వస్తాయి కదా. చాక్‌పీస్ గారే గ్రీకు, లాటిన్ అన్నారు.

చాక్‌పీస్
రూట్స్ వరకు నిజంగానే లాభం. ఐదో గ్రేడు సైన్స్ ప్యాసేజ్‌లో ఫొటో, థర్మో, జియో, స్పెక్ట్ లాంటి ముక్కలు తెలిసిన పిల్లలు కొత్త మాట చూసి బెదరరు. కానీ ఆరు వారాల్లో టెస్టు పెట్టుకుని స్పెల్లింగ్ బీ మొదలుపెట్టడం మాత్రం వద్దు. అన్నట్టు స్టార్ రీడింగ్‌లో డిక్షనరీ వాడొచ్చు. చాలామంది పిల్లలు దాన్ని తెరవనే తెరవరు. ప్రాక్టీస్‌లోనే తెరిపించండి.

రిటైర్డ్_మాస్టారు
అమ్మా చాక్‌పీస్, నువ్వు చెప్పిన 2, 3 పాయింట్ల లెక్క అర్థమైంది. అయితే ఇంకోటి అడుగుతాను. మా కాలంలో ఇంటర్మీడియట్‌లో ప్రెసీ రైటింగ్ ఉండేది. ఒక పేరా ఇచ్చి మూడోవంతుకి కుదించి రాయమనేవాళ్లం. సొంత మాటల్లో రాయాలి, రచయిత చెప్పింది పోకూడదు, మన అభిప్రాయం దూరకూడదు. మెయిన్ ఐడియా నేర్పడానికి అంతకంటే మంచి కసరత్తు నేను చూడలేదు. ఇప్పుడది పనికిరాదా?

చాక్‌పీస్
భేషుగ్గా పనికొస్తుంది మాస్టారూ. మేం సమ్మరీ అంటాం. పేరా చదివాక పక్కన ఒక్క లైన్లో ఏం చెప్పారో రాయిస్తాం. నాలుగు పేరాలకి నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లు చూసి మెయిన్ ఐడియా చెప్పమంటాం. మీ ప్రెసీకి చిన్న తమ్ముడు.

రిటైర్డ్_మాస్టారు
అదీ. వాయిస్ మార్చడం మానినా ప్రెసీ మానొద్దు.

ప్లేనో_నాన్న
కోడ్ దొరికింది. పోర్టల్ చూశాను. ఎస్సేలో 10కి 2. చిన్న జవాబులకి ఒకటి సున్నా, ఒకటి సగం. మల్టిపుల్ ఛాయిస్ నేననుకున్నంత ఘోరంగా లేదు. కథల్లో పర్లేదు, సైన్స్, చరిత్ర వ్యాసాల్లో బాగా పోయాయి. సగం వచ్చిన జవాబు చూస్తే "బికాజ్ షి వాజ్ స్కేర్డ్" అని రాశాడు, అంతే. భయపడిందని ఎలా తెలిసిందిరా అంటే "అందరికీ తెలుస్తుంది కదా" అన్నాడు.

లాంగ్‌హార్న్_కుర్రాడు
వాడు చెప్పింది కరెక్టే కదా అంకుల్, హహ. నేనూ ఇక్కడే పుట్టి పెరిగా, చిన్నప్పుడు ఇదే ప్రాబ్లం. తెలిసిన విషయం టీచర్‌కి మళ్లీ ఎందుకు చెప్పాలో అర్థమయ్యేది కాదు. టీచర్ కథ చదవలేదనుకుని రాయి అని మా అక్క చెప్పింది, అప్పుడు కొంచెం దారిలో పడ్డా.

ఇంకోటి. మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర సచిన్ గొప్పా, కోహ్లీ గొప్పా అని వాదన పెట్టేవాళ్లు నాన్న. ఊరికే గొప్ప అంటే ఒప్పుకునేవారు కాదు, "ఏ మ్యాచ్, ఏం చేశాడు, దాన్ని బట్టి ఏం తేలింది" అని మూడూ చెప్పాలి. హైస్కూల్లో ఆర్గ్యుమెంట్ ఎస్సే చెప్తుంటే ఇది మా భోజనాల గొడవే కదా అనిపించింది. మీ వాడికి ఇష్టమైన వీడియో గేమ్‌తో మొదలుపెట్టండి.

గుంటూరు_ఘాటు
మా ఇంట్లో ఆ వాదన పెడితే అన్నం చల్లారిపోతుంది, ఎస్సే రాదు.

చాక్‌పీస్
కుర్రాడు చెప్పిన లాంటి పద్ధతినే స్కూళ్లలో రేస్ అంటారు, నాలుగు మెట్లు. ప్రశ్నని తిప్పి మన వాక్యంగా రాయడం, జవాబు చెప్పడం, రుజువు చూపడం, ఆ రుజువు జవాబుని ఎలా బలపరుస్తుందో వివరించడం. మీ వాడు రెండో మెట్టు దగ్గరే ఆగుతున్నాడు.

ఇన్ఫరెన్స్‌ని కాకి, కుండ కథతో చెప్పి చూడండి, తెలుగులోనే. కాకి తెలివైనదని కథలో ఎక్కడా ఉండదు. నీళ్లు అడుగున ఉన్నాయి, ముక్కు అందలేదు, గులకరాళ్లు తెచ్చి వేసింది అనే ఉంటుంది. తెలివైనదని మనం అనుకుంటున్నాం కదా, ఏ వాక్యం చూసి అనుకున్నాం? ఆ వాక్యమే ఎవిడెన్స్. దాన్ని చూసి మనం అనుకున్నది ఇన్ఫరెన్స్. తెలిసిన కథ కాబట్టి భాష అడ్డు రాదు, పని ఏంటో తెలుస్తుంది. ఆ తర్వాత ఇంగ్లిష్ ప్యాసేజ్.

అలాగే ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఏదైనా ఇంగ్లిష్ కథ చదివించి, పుస్తకం మూసేసి, మీకు తెలుగులో చెప్పమనండి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది రెండూ చెప్పగలిగితే చదివింది అర్థమవుతోంది, ఇబ్బంది రాయడంలోనే. అదీ చెప్పలేకపోతే చదవడంలోనే ఏదో ఉంది.

ఎడిసన్_ఎర్రబస్సు
తెలుగులోనా? సారీ, నేను దీనికి ఒప్పుకోను. మా అబ్బాయి ప్రీకేలో ఉన్నప్పుడు ఒక టీచరే చెప్పింది ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడండి అని. అప్పట్నుంచి ఇంట్లో ఇంగ్లిషే. రీడింగ్‌లో ఎప్పుడూ ప్రాబ్లం రాలేదు.

షార్లెట్_చిలక
మా ఇంట్లో ఉల్టా. తెలుగే మాట్లాడతాం, ఇద్దరు పిల్లలకీ రీడింగ్ బాగానే ఉంది. మీ ఇంటి ముచ్చట, మా ఇంటి ముచ్చట రెండూ రుజువులు కావు గానీ, దీని మీద పాత మోడల్ ఒకటుంది. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పెట్టారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాన్ని మాటగా పలకగలగడం, విన్న భాషని అర్థం చేసుకోగలగడం, ఈ రెండిటి గుణకారం. కూడిక కాదు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. ప్లేనో గారి అబ్బాయికి మొదటిది ఫుల్లు, గడగడా చదువుతున్నాడు. రెండోదాంట్లో ఎంత ఉందో చూడటానికే చాక్‌పీస్ గారు కథ చెప్పమంటున్నారు. "ఎందుకు", "అయితే", "ఒకవేళ" అంటూ ఆలోచించి మాట్లాడే అలవాటు ఒక భాషలో వస్తే రెండో భాషకీ ఉపయోగపడుతుంది.

వ్యాసాల్లో పోతున్నాయన్నారు కదా, దానికి 1988లో చేసిన బేస్‌బాల్ స్టడీ చూడండి. రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు మిడిల్ స్కూల్ వయసు పిల్లలు 64 మందికి ఒక బేస్‌బాల్ ఆట గురించి చదవడానికి ఇచ్చారు. రీడింగ్‌లో వీక్ అయినా బేస్‌బాల్ బాగా తెలిసిన పిల్లలు, రీడింగ్‌లో గట్టిగా ఉండి బేస్‌బాల్ తెలియని వాళ్లకంటే బాగా గుర్తుంచుకుని చెప్పారు. అంటే కాంప్రిహెన్షన్ అనేది ఏ ప్యాసేజ్ మీదైనా ఒకేలా పనిచేసే స్కిల్ కాదు. విషయం తెలియకపోతే మెయిన్ ఐడియా వర్క్‌షీట్లు వంద చేయించినా అంతంతమాత్రమే.

గుంటూరు_ఘాటు
స్టార్‌లో ఐపీఎల్ మీద ప్యాసేజ్ ఇవ్వమని గవర్నర్‌కి లెటర్ రాద్దామా. ఆర్గ్యుమెంట్ ఎస్సే ప్రాక్టీస్ కూడా అవుతుంది.

ఎడిసన్_ఎర్రబస్సు
గుణకారం లెక్క బాగుంది గానీ, భాష అంటే ఇంగ్లిష్ భాషే కదా అక్కడ. తెలుగులో "ఒకవేళ" వస్తే ఇంగ్లిష్ వొకాబులరీ ఎక్కడినుంచి వస్తుంది?

షార్లెట్_చిలక
వొకాబులరీ ఇంగ్లిష్‌లోనే పెంచాలి, కాదనను. దానికి తెలుగు మానక్కర్లేదు అంటున్నా. అసలు మన ఇంగ్లిష్ విని పిల్లలు ఏం వొకాబులరీ నేర్చుకుంటారండీ. "గో అండ్ బ్రింగ్ దట్ థింగ్ ఫ్రం దట్ సైడ్."

లాంగ్‌హార్న్_కుర్రాడు
ఏ, ది లేకుండా మాట్లాడేది అమ్మానాన్నలే, పిల్లలు కాదు, హహ. పిల్లల తప్పులు వేరే ఉంటాయి. "ఐ వెంట్ హోం, ఐ వాజ్ హంగ్రీ, ఐ ఏట్" అని కామాలతో గొలుసు కట్టేస్తారు. దేర్, దెయిర్ కలిపేస్తారు. అపాస్ట్రఫీ ఉన్న ఇట్స్, లేని ఇట్స్ ఒకటే అనుకుంటారు.

చాక్‌పీస్
ఎడిటింగ్‌లో ఎక్కువగా పోయేవి ఇవే. మాస్టారు గారి పది వాక్యాలు వీటి మీద పెట్టండి, ప్యాసివ్ వాయిస్ మీద వద్దు. వర్క్‌బుక్ వాక్యాలు కాకుండా వాడు రాసిన పేరాలోనే వెతికించండి. వర్క్‌బుక్‌లో తప్పు ఉందని ముందే తెలుసు కాబట్టి దొరుకుతుంది. సొంత రాతలో కంటికి ఆనదు.

మెంతిపొడి
ట్యూషన్ సంగతి ఎవరూ చెప్పడం లేదు. మా పాప రెండేళ్లు ఒక సెంటర్‌కి వెళ్లింది. వారానికి కట్టల కొద్దీ షీట్లు, స్పీడ్ పెరిగింది. రాసిన జవాబుని ఎవరైనా చదివి "ఇదెందుకు" అని అడిగింది మాత్రం లేదు. మానిపించాం.

కొత్తిమీర_కట్ట
మా అనుభవం వేరు. నలుగురు పిల్లల గ్రూపు, ఒక రిటైర్డ్ టీచర్ ఇంట్లో. ఒకరు రాసింది ఇంకొకరు చదివి రూబ్రిక్ (దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక) ప్రకారం మార్కులు వెయ్యాలి. మా పాపకి ఎస్సే అక్కడే వచ్చింది. ట్యూషన్ అని కాదు, రాసింది ఎవరైనా చదువుతున్నారా లేదా అని చూడాలి.

హైదరాబాదీ_బ్యాచిలర్
నాకు పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. అయినా చెప్తా. ఏఐకి ఇచ్చి దిద్దించండి, ట్యూషన్ డబ్బులు మిగుల్తాయి. మీ స్టేట్ కూడా ఎస్సేలు కంప్యూటర్‌తోనే దిద్దిస్తోందట కదా?

చాక్‌పీస్
అవును, 2023 డిసెంబరు నుంచి ముందు కంప్యూటరే దిద్దుతోంది. సుమారు పావు వంతు జవాబులు మనుషుల దగ్గరికి వెళ్తాయి. దాని మీద టీచర్లలో చాలా గొడవ ఉంది, ఇక్కడ మొదలుపెడితే థ్రెడ్ అయిపోదు. ఇంట్లో ఏఐ వాడితే రూబ్రిక్ ఇచ్చి "ఏది తక్కువైంది" అని మాత్రమే అడగండి. బాగుచేసి ఇమ్మంటే అది రాసేస్తుంది, పిల్లాడు ఎంటర్ కొడతాడు.

బృందావన్_బ్యాచ్
ఇంత టెన్షన్ దేనికి? స్టార్ పోతోందిగా. 2025లో బిల్లు పాసైంది. ఫెయిలైనా ఐదో గ్రేడులో ఆపేసే రూలు కూడా 2021లోనే తీసేశారు.

కొత్తిమీర_కట్ట
2027-28 నుంచి పోతోంది. దాని బదులు ఏడాది మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర్లో ఒకటి. ఒక టెస్టు పోయి మూడు వచ్చాయి, సంబరపడండి. ప్లేనో గారి అబ్బాయి అప్పటికి ఏడో గ్రేడు.

ప్లేనో_నాన్న
ఆపేస్తారని నా భయం కాదండీ. వచ్చే ఏడు మిడిల్ స్కూల్, సైన్స్, సోషల్ అన్నిట్లోనూ చదివి రాయాల్సిందే.

చాక్‌పీస్ గారి పరీక్ష పెట్టాను. కథ ఏం జరిగిందో సగం తెలుగు, సగం ఇంగ్లిష్‌లో బ్రహ్మాండంగా చెప్పాడు, యాక్షన్‌తో సహా. ఎందుకు అన్నా చెప్పాడు. "ఈ కథ మనకి ఏం చెప్తోంది" అంటే మాత్రం కథంతా మళ్లీ మొదట్నుంచి చెప్పాడు. రెండోసారి యాక్షన్ లేకుండా.

షార్లెట్_చిలక
అయితే వినికిడి భాష బాగుంది. మీరు కంగారు పడేంత లేదు. 2024 నేషనల్ అసెస్‌మెంట్‌లో దేశం మొత్తం మీద నాలుగో గ్రేడు పిల్లల్లో 40 శాతం రీడింగ్‌లో బేసిక్ కంటే కింద ఉన్నారు. మీ వాడి సమస్య ఆ కోవలోది కాదు.

చాక్‌పీస్
థీమ్ ఒకటి, రుజువు రాయడం ఒకటి, వ్యాసాలు ఒకటి. మీ మూడు చాప్టర్లు దొరికాయి, వాటి మీదే ఉండండి.

థీమ్‌కి: "కథ ఎవరి గురించి" అని అడిగితే కాకి అంటాడు. "దేని గురించి" అంటే దాహం, ఉపాయం అంటాడు. "ఆ ఉపాయం గురించి కథ ఏమంటోంది, కాకి పేరెత్తకుండా చెప్పు" అనండి. పాత్ర పేరు వాడకూడదనే రూలు పెడితే కథ మళ్లీ చెప్పడం కుదరదు. మా క్లాసులో ఇది బాగా పనిచేస్తుంది.

రాయడానికి: రోజూ ఎస్సే వద్దు. వారానికి మూడు నాలుగు రోజులు, ఒక చిన్న ప్యాసేజ్, ఒక్క ప్రశ్న, నాలుగు వాక్యాల జవాబు, టైప్ చేసి. టైపింగ్ మర్చిపోకండి. తల్లో ఆరు వాక్యాలున్నా రెండు వేళ్లతో కొట్టే పిల్లాడు మూడు దగ్గర ఆపేస్తాడు. మీ మూడు లైన్లకి అదీ ఒక కారణమేమో చూడండి. వారాంతంలో ఒక ఎస్సే. మొదటి రెండు వారాలు రాయించకుండా ప్లాన్ మాత్రమే చేయించండి: నా పాయింట్ ఏంటి, ప్యాసేజ్‌లో ఏ రెండు వాక్యాలు దాన్ని చెప్తున్నాయి. ఇంట్రో, కన్‌క్లూజన్ గురించి తర్వాత చూద్దాం, అవి లేకపోవడం వల్ల కాదు వాడికి 2 వచ్చింది.

వ్యాసాలకి: బొమ్మల నవలలు ఆపించకండి, వాటి పక్కన ఇంకోటి పెట్టండి. ఐదో గ్రేడు సోషల్‌లో అమెరికా చరిత్ర నడుస్తోంది, సైన్స్‌లో ఎనర్జీ, ల్యాండ్‌ఫార్మ్స్, ఫుడ్ వెబ్. ఆ టాపిక్స్ మీదే లైబ్రరీలో పల్చటి పుస్తకాలు తెచ్చి, వరసగా ఒకే టాపిక్ మీద నాలుగైదు చదివించండి. చిలక గారి బేస్‌బాల్ స్టడీ లాభం అలా వస్తుంది. మాస్టారి ప్రెసీ కూడా వీటి మీదే.

టెస్టుకి రెండు వారాల ముందు ఒక పూర్తి పాత పేపర్, కంప్యూటర్ మీద, ఒకే సిట్టింగ్‌లో. ఒకటి చాలు.

ఎడిసన్_ఎర్రబస్సు
పాత్ర పేరు లేకుండా థీమ్ చెప్పడం మా వాడి మీద ట్రై చేశా. ఇంట్లో ఇంగ్లిషే మాట్లాడే మా వాడు కూడా కథే చెప్పాడు, కాకి బదులు "ద బర్డ్" అన్నాడు.

చాక్‌పీస్
ద బర్డ్ కూడా బ్యాన్ చెయ్యండి.

ప్లేనో_నాన్న
ఈ వీకెండ్ ఎస్సే ప్లాన్ చేయించా. ప్రెయిరీ డాగ్స్ మీద ప్యాసేజ్. రెండు రుజువులు వాడే వెతికాడు. వివరించమంటే మాత్రం రుజువునే ఇంకో రకంగా రాశాడు. ట్యూషన్ ప్రస్తుతానికి వాయిదా, మా ఆవిడ మార్చి ఆఖరి దాకా టైమిచ్చింది.

చాక్‌పీస్
వివరణ అందరికీ ఆఖర్నే వస్తుంది. రుజువు రాశాక "దీన్ని బట్టి తెలిసేదేంటంటే" అనే అర్థం వచ్చే మొదలు ఒకటి ఇచ్చి, మిగతా వాక్యం వాణ్ణి పూర్తి చెయ్యమనండి. టైపింగ్ ఎలా ఉంది?

ప్లేనో_నాన్న
రెండు వేళ్లే. మీరన్నట్టే.

మెంతిపొడి
మా పాపది ఎనిమిదో గ్రేడు, రెండు ప్యాసేజ్‌లు పోల్చి రాయడంలో ఇబ్బంది. ఇక్కడే అడగొచ్చా?

గుంటూరు_ఘాటు
కొత్త థ్రెడ్ పెట్టండి. ఇక్కడ అడిగితే ముందు ఈ థ్రెడ్ మొత్తానికి ప్రెసీ రాయమంటారు మాస్టారు.

రిటైర్డ్_మాస్టారు
మూడోవంతుకి. సొంత మాటల్లో.